ముగ్గు పొంగిన నేల

ఆ యేడు మా కొట్టు గదిలో ముగ్గు పొంగింది. పాలు పొంగడం ప్రతి ఇంట్లోనూ ఉండేదే. ముగ్గు పొంగడం మాత్రం అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాత నెల రోజులపాటు చూస్తూనే ఉన్నాను.

ఎనభై ఐదో సంవత్సరం. శివరాత్రికి వెదురు గడలతో ఎత్తుగా కట్టిన మా ఊరి ప్రభ కోటప్పకొండకు వెళ్ళింది. ప్రభ వెనకాల ఎడ్లబండి మీద మైకు సెట్టు, ఆ మైకు పలకడానికి ఒక కారు బ్యాటరీ. బ్యాటరీ సుభానీది. అతను మా ఆయన ఈడువాడు, మా ఊరివాడే, చిలకలూరిపేటలో అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. కారుకు కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు కాబట్టి పాతది ప్రభకు అడిగిందే తడవుగా ఇచ్చాడు. కొండ దగ్గర రాళ్ళదారిలో బండి కుదుపులకు దాని అడుగు ఎక్కడో చిట్లింది. ఎవరూ చూడలేదు. తిరునాళ్ళ నుంచి వచ్చేవాళ్ళు తమ కాళ్ళు పిసుక్కుంటారు గాని బ్యాటరీ అడుగు తిప్పి చూస్తారా.

మర్నాడు పొద్దెక్కాక మా ఆయన యలమందయ్య దాన్ని మోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. సుభానీ వచ్చి పట్టుకుపోయేదాకా మన దగ్గరే ఉంచమన్నాడట. వసారా మూల దించబోతుంటే నేనే ఆపాను.

"నేల మీద పెట్టబాక. ఛార్జి భూమిలోకి దిగిపోద్దంట. చెక్క మీద పెట్టు."

ఆ రోజుల్లో బ్యాటరీ గురించి ఎవరికి ఏం తెలిసినా తెలియకపోయినా ఈ ఒక్క ముక్క తెలుసు. ట్రాక్టరు ఉన్నవాళ్ళు అనేవాళ్ళు, మైకు సెట్టువాళ్ళు అనేవాళ్ళు. నేనూ అన్నాను, నాకు తెలుసన్న గొప్ప కొంచెం కలుపుకుని. ఇంట్లో ఉన్న చెక్క ఒకటే, కొట్టు గదిలో మా అత్త విత్తనపు కాయల గోతం పెట్టుకున్న బల్లచెక్క. గోతాన్ని కాస్త పక్కకు జరిపి, ఖాళీ అయిన చోట బ్యాటరీ పెట్టించాను.

మా అత్త హనుమాయమ్మ ఆ రోజు ఇంట్లో లేదు. కొండ నుంచి అటునుంచటే తమ్ముడి ఊరు వెళ్ళింది. ఉంటే మమ్మల్ని ఆ గడప తొక్కనిచ్చేదే కాదు.

ఆ గోతం సంగతి చెప్పాలి. ప్రతి యేడూ మొదటి కోతకు ముందు మా అత్త మిరపచేలో సాలు సాలూ తిరిగి, తనకు నచ్చిన చెట్లకు పాతచీర పీలికలు కట్టేది. పీలిక కట్టిన చెట్టును కూలీలు ముట్టుకోకూడదు. ఆ కాయలు తనే కోసి, తనే ఎండబెట్టి గోతంలో పోసేది. ఆషాఢంలో వాటి గింజలతోనే నారు పోసేది. కాయ సన్నగా, పొడుగ్గా, చూస్తేనే కళ్ళు మండే ఎరుపు. వాన మొహం చాటేసినా మా నల్లరేగడిలో పంతం పట్టి నిలబడే మొక్క. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకుని తెచ్చిన గింజల నుంచి ముప్పై ఏళ్ళుగా తెగకుండా నడుస్తోంది. మామ చనిపోయిన యేడు కూడా దినవారాలు కాగానే లేచి వెళ్ళి పీలికలు కట్టి వచ్చిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

చెట్టును ఎలా ఎంచుతావత్తా అని రెండు మూడుసార్లు అడిగాను. చెప్పలేదు. "జీడిపిక్కలు కొట్టే చేతులకు మిరపచెట్టు ఏం తెలిసిద్దే," అని నవ్వి ఊరుకునేది. మాది వేటపాలెం. జీడిపప్పు కొట్టి ఒలిచే ఇంట్లో పుట్టినదాన్ని. పెళ్ళినాటికి నా వేళ్ళ కొసలు జీడిరసానికి కాలి నల్లగా ఉండేవి. ఆమె ఎకసెక్కంగానే అన్నా నాకు గుచ్చుకునేది.

పైగా ఆ యేడు చేనంతటికీ బొబ్బర తెగులు తగిలింది. మొదటి కోత అవుతూనే ఆకులు ముడుచుకుని చెట్లు గిడసబారిపోయాయి. జబ్బు చెట్టు నుంచి విత్తనం తీయకూడదు. కళ్ళంలో ఆరబోసినవన్నీ ఆ జబ్బు చెట్ల కాయలే, అందులోనూ మా ఆయన ఉబలాటపడి చిలకలూరిపేటలో కొనుక్కొచ్చి వేసిన విత్తనపు పాకెట్ల రకంతో కలిసిపోయినవి. తెగులు రాకముందు కోసిన మంచి కాయలంటే ఆ గోతంలోవే. ఆ గోతం పోతే ఆ రకం పోయినట్టే.

నాలుగో రోజు పొద్దున కొట్టు గది ఊడవడానికి వెళ్ళాను. అత్త అప్పుడే బస్సు దిగి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటోంది. గదిలో అడుగు పెట్టగానే అరికాలు చురుక్కుమంది. వంగి చూస్తే నేల తడిగా ఉంది. చెక్క సగం నల్లబడింది. గోతం తడుస్తోందని గబుక్కున రెండు చెవులు పట్టుకుని ఎత్తాను. గోతం వచ్చింది, అడుగు రాలేదు. నానిన అప్పడంలా చినిగి చెక్కకే అంటుకుపోయింది. కాయలన్నీ ఆ తడిలోకి జారాయి.

ఏది ఒలికినా ఆడది చేసే మొదటి పని నేనూ చేశాను. బిందెడు నీళ్ళు తెచ్చి కుమ్మరించాను. అదే నేను చేసిన రెండో తప్పు. నీళ్ళు బ్యాటరీలోంచి కారిన యాసిడ్‌ను వెంటేసుకుని గదంతా పాకాయి. గోడ కిందికి దూరాయి. అప్పటిదాకా పొడిగా ఉన్న కాయలను కూడా కొన్నింటిని తడిపాయి. తలెత్తితే గడపలో అత్త నిలబడి ఉంది.

"ఆ చెక్క మీద ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టమన్నా అత్తా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. కాయల వంక ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్ళి వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. పట్టపగలు ఆమె నడుము వాల్చడం నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన వచ్చి చూశాడు. గోతం చూశాడు, నన్ను చూశాడు, వసారా వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అయిందేదో అయింది. చీపురుతో ఎత్తి కాలవలో పోసెయ్. పేటలో పాకెట్లు దొరుకుతయ్యిగా."

గొంతు తగ్గించినా మంచం మీదికి వినపడింది. అత్త కదల్లేదు గాని, ఆమె చెయ్యి నులకను పట్టుకోవడం నాకు కనిపించింది. అప్పుడు కళ్ళు తుడుచుకున్నాను.

"ఒక్క కాయ కూడా పోయను," అన్నాను.

"ఏం చేస్తావు మరి?"

"తెలవదు. తెలుసుకుంటా."

బ్యాటరీ సుభానీది కనుక ముందు వాళ్ళింటికి పరిగెత్తాను. ఎన్నికలు దగ్గరపడ్డాయి, టాక్సీలకు తీరికెక్కడిది, అతను పేటలోనే ఉన్నాడు. ఇంట్లో వాళ్ళక్క కరీమున్ ఉంది. ఆమె నరసరావుపేట రోడ్డులో పత్తి విత్తనాలు శుభ్రం చేసే షెడ్డులో పని చేసేది. ఆ రోజు సెలవు. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నేను సగం చెప్పేసరికే చేట పక్కన పెట్టి చెప్పులు వెతుక్కుంది.

"ఎంతసేపట్నుంచి తడుస్తున్నయ్యి?"

"తెలవదక్కా. అడుగునవి రెండు మూడు రోజులనుంచి అయ్యుండాల. పైవి ఇప్పుడే, నేను నీళ్ళు పోసినాక."

"పద. దార్లో మాట్లాడుకుందాం."

దారిలో చెప్పింది. పత్తిగింజకు అంటుకున్న నూగు పోవడానికి షెడ్డులో యాసిడ్డే పోస్తారట. తొట్లో గింజలు వేసి, యాసిడ్ పోసి, కర్రతో తిప్పి, రెండు మూడు నిమిషాల్లో నీళ్ళతో కడిగేసి, తర్వాత సున్నపు నీళ్ళలో ముంచి తీస్తారట.

"యాసిడ్డుకు గింజ చావదు, రాజ్యం. ఆలస్యానికి చస్తది."

ఆ మాట ఎంత బలమిచ్చిందో చెప్పలేను. నడక పరుగైంది.

గదిలోకి రాగానే కరీమునక్క చుట్టూ చూసింది. పొయ్యిలో బూడిద తెమ్మంది. సున్నం ఉందా అని అడిగింది. ఉగాదికి ఇంటికి వెల్ల వేయడానికి పిడుగురాళ్ల నుంచి తెప్పించిన సున్నపురాళ్ళ బస్తా గొడ్లచావిట్లో ఉంది. రాళ్ళు తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికాయి. తేట పైకి తేలేదాకా మిగతా పనులు చూశాం. ఆమె తెచ్చుకున్న షెడ్డు చేతితొడుగులు ఒక జతే. ఒకటి తను వేసుకుని ఒకటి నాకిచ్చింది. రెండో చేతికి నేను కొబ్బరినూనె పట్టించి బూడిద అద్దుకున్నాను.

"ఇదెక్కడ నేర్చావు?"

"జీడిపిక్కల దగ్గర అక్కా. ఆ రసం దీనికేం తీసిపోదు."

బ్యాటరీని చెక్కతో సహా ఎత్తి పెరట్లోకి మోసుకెళ్ళి, గుంట తీసి బూడిద పోసి అందులో పెట్టాం. ఆ తర్వాత కాయలు. పైన పొడిగా ఉండిపోయినవి ముందు ఏరి చేటలో పోశాం. చేటెడు కూడా రాలేదు. అప్పుడే తడిసినవి ఒక కుప్ప. అడుగున నానిపోయి నల్లగా జావగా మారినవి ఇంకో కుప్ప. మిరపకాయ ఘాటు, యాసిడ్ పొగరు కలిసి గదిలో ఊపిరి ఆడలేదు. దగ్గుతూ, తుమ్ముతూ, మధ్యమధ్య వాకిట్లోకి పరిగెత్తి గాలి పీల్చుకుంటూ ఏరాం. ఒకసారి బయటికి వచ్చినప్పుడు మా ఆయన గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని కనిపించాడు.

"నిలబడతావేంది, బోరింగు కొట్టు," అంది కరీమునక్క.

ఆయన వెళ్ళి బోరింగు కొట్టాడు. తడిసిన కాయలను గంపలో వేసి ఆ ధార కింద పెట్టాం. ఎన్ని బిందెల నీళ్ళు పారాయో లెక్కలేదు. ఆపమని మేం చెప్పేదాకా ఆయన ఆపలేదు. ఆ తర్వాత సున్నపు తేటలో ముంచి, మళ్ళీ మంచినీళ్ళలో జాడించి, కాయ చీల్చి గింజలు తీసి, నీడన పాత పంచె మీద ఆరబోశాం. నానిపోయిన కుప్పను కూడా అలాగే చేస్తానంటే కరీమునక్క తల అడ్డంగా ఊపింది.

"అవి పోయినయ్యమ్మా. వాటి మీద నీ ఓపిక పెట్టబాక."

అయినా చేశాను. అప్పటికి నాకు ఏది పోయిందో ఏది ఉందో ఇంకొకరు చెప్తే వినే స్థితి దాటిపోయింది.

ఆ వేళ కట్టుకున్నది చీరాల నేతచీర. నీలం గళ్ళు, ఎర్ర అంచు, శివరాత్రికి మా నాన్న పెట్టినది. పని అయ్యాక చూసుకుంటే చీర బాగానే ఉంది, బతికిపోయిందనుకున్నాను. మర్నాడు ఉతికి దండెం మీద వేస్తే అవతల గోడ కనిపించింది. కుచ్చిళ్ళ నిండా చిల్లులు. చిన్నవి శెనగగింజంత, పెద్దవి నిమ్మకాయంత. ఆ చీర పట్టుకుని కాసేపు ఏడ్చాను. విత్తనం పోయినందుకు ఏడవలేకపోయినదంతా ఆ చీర మీద ఏడ్చేశానేమో. మడిచి పెట్టె అడుగున పడేశాను.

ఆ సాయంత్రమే కొట్టు గది నేల పేడతో అలికి, అలవాటు కొద్దీ గడప లోపల రెండు గీతలు ముగ్గు వేశాను. పండక్కి బియ్యప్పిండి వేసినా, రోజువారీ మాకు రాతిముగ్గే. చెక్క ఉండే చోటికి వచ్చేసరికి గీత సుర్రుమంది. తెల్లటి నురగ లేచి, బుడగలు కట్టి, చల్లారిపోయింది. ఇంకో చిటికెడు వేశాను. మళ్ళీ పొంగింది. గోడవైపు వేస్తే అక్కడా పొంగింది. గడప దగ్గర వేస్తే ఊరుకుంది.

ముందు భయపడ్డాను. ఎవరన్నా చూస్తే ఇంటికి కీడంటారని చటుక్కున తలుపు మూశాను. తర్వాత, సున్నపురాయి యాసిడ్‌ను తింటుందని కరీమునక్క చెప్పింది గుర్తొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. ముగ్గు కూడా రాయేగా. అలుకు కింద యాసిడ్ ఇంకా ఉంది. ఎక్కడుందో ముగ్గు చెప్తోంది. అంటే నేను అలికింది మురికి మీద.

ఆ మర్నాటి నుంచి అదే పని. ముగ్గు పొంగిన చోటల్లా గునపంతో మట్టి తవ్వి, గంపకెత్తి, ఊరి బయట సున్నంలో కలిపి పూడ్చాను. గుంటలో సున్నం చల్లి, చెరువు మట్టి తెచ్చి పోసి, దిమ్మిస కొట్టి, అలికి, ముగ్గు వేసేదాన్ని. రెండు రోజులు బాగుండేది. మూడో రోజు గోడ వారన మళ్ళీ సన్నగా పొంగేది. మళ్ళీ గునపం. చేలో రెండో కోత నడుస్తోంది. పగలంతా కోతకు వెళ్ళి, వచ్చి ఓ గంట తవ్వి, అప్పుడు పొయ్యి ముట్టించేదాన్ని. మా ఆయన మొదట విసుక్కున్నాడు, తర్వాత మట్టి గంపలు మోశాడు.

అత్త మాత్రం మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది. చేలోకి వచ్చేది. కూలీలతో మాట్లాడేది, గేదెతో మాట్లాడేది. నాతో తప్ప. నేను ఏరిన గింజల మూటలు రెండూ వసారా దూలానికి కట్టి వేలాడదీశాను, పొడి కాయల గింజలది ఒకటి, కడిగినవి ఒకటి. వాటి కిందనుంచి పోతూ కూడా తలెత్తేది కాదు. ఆమె మీద నాకు కోపం కూడా వచ్చింది. తప్పు చేశానని ఒప్పుకున్నదాన్ని ఇంకెన్నాళ్ళు ఎండగడుతుందని.

ఎన్నికలయ్యాక సుభానీ బ్యాటరీ కోసం వచ్చాడు. బూడిద గుంటలో దాన్ని చూసి తల గోక్కున్నాడు.

"నేల మీద పెడితే ఛార్జి దిగిపోద్దని నీకెవరు చెప్పారు చెల్లెమ్మా?"

"నువ్వేగా అన్నా. మా పెళ్ళికి కారు తెచ్చినప్పుడు చెప్పలా."

"నాకూ ఎవరో చెప్పిందేలే," అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని. అత్త వసారాలో తాడు పేనుతోంది. ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "పిన్నీ, తప్పు నా బ్యాటరీది."

"బ్యాటరీకి కాళ్ళున్నయ్యంట్రా," అంది ఆమె, తాడు మీదనుంచి చూపు ఎత్తకుండా. ఆ మాట నాకేనని నాకు తెలుసు.

ఉగాదికి నాలుగు రోజులుందనగా గోడ వారన ఐదోసారి తవ్వుతున్నాను. పునాది రాయి పక్కన మోచేతి లోతు పోయింది. వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఇంకెన్నిసార్లు తవ్వుతావు?"

నెల తర్వాత అత్త నాతో అన్న మొదటి మాట. తిరిగి చూడలేదు నేను. చూస్తే ఏడుస్తానని తెలుసు.

"ముగ్గు పొంగటం మానేదాకా."

ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి గంపెడు చెరువు మట్టి గడప లోపల దించిన చప్పుడైంది. నేను చూసేసరికి ఆమె వాకిలి దాటింది.

ఆ సున్నం బస్తా అంతా నేలకే చాలింది. ఉగాదికి ఊళ్ళో ఇళ్ళన్నీ తెల్లగా మెరుస్తుంటే మా గోడలు పోయినేటి వెల్లతోనే ఉన్నాయి. నీళ్ళ దగ్గర ఎదురింటి ఆవిడ ఊరుకుంటుందా.

"ఏం హనుమాయమ్మా, ఈయేడు గోడలకు సున్నం వెయ్యలేదే?"

"నేలకేశాం," అంది మా అత్త, బిందె చంకనెత్తుకుంటూ. "మా కోడలు లోపల్నుంచి మొదలెట్టింది."

నేను రెండో బిందె పట్టుకుని వెనకే ఉన్నాను. ఆ మాట విన్నాక ఆ బిందె బరువే తెలియలేదు.

ఉగాది తర్వాత కొట్టు గదిలో ముగ్గు పొంగలేదు. అయినా నెలంతా వేసి చూస్తూనే ఉన్నాను.

ఇక గింజ. ఎండలు ముదిరాక మూడు తడిగుడ్డలు తీసుకుని ఒక్కోదాంట్లో ఇరవై గింజలు మూటకట్టి, కొబ్బరిచిప్పల్లో పెట్టి పొయ్యి గూట్లో ఉంచాను. పొడి కాయల గింజలు ఒకటి, కడిగినవి ఒకటి, కరీమునక్క వద్దన్నా నేను దాచిన నల్లకుప్పవి ఒకటి. పదో రోజు విప్పాను. మొదటి దాంట్లో పదహారు మొలిచాయి. రెండో దాంట్లో ఏడు. మూడో దాంట్లో ఒక్కటీ లేదు, బూజు పట్టింది. కరీమునక్క చెప్పింది నిజమేనని ఒప్పుకుని ఆ మూటను పెంటకుప్పలో వేశాను.

మిగిలిన రెండు చిప్పలూ తీసుకెళ్ళి అత్త ముందు పెట్టాను. ఆమె వేలితో ఒక్కో మొలకనూ కదిపి చూసింది.

"ఇయ్యి బతికినయ్యి," అంది మొదటి చిప్ప చూపించి. రెండో చిప్పలో ఏడింటినీ చూసి, "ఇయ్యి మొలిస్తే మొలిచినయ్యి. యాసిడ్ తాగిన గింజ. చెట్టయి కాయ కాసినా దాని మాట నమ్మటానికి లేదు," అంది.

"వేరేగా పోస్తా అత్తా. కలపను."

"నీ ఇష్టం."

ఆషాఢంలో రెండు నారుమళ్ళు కట్టాను. మా ఆయన ఎందుకైనా మంచిదని పేట నుంచి రెండు పాకెట్లు తెచ్చి దూలం మీద పెట్టాడు. నాకు చెప్పలేదు గాని నేను చూశాను. మనిషికి భయం ఉండటం తప్పు కాదు. మొదటి మడి పచ్చగా లేచింది. రెండోది దువ్వెన పళ్ళు ఊడినట్టు అక్కడొకటి ఇక్కడొకటిగా లేచింది. రోజూ పొద్దున్నే నేను వెళ్ళేసరికి రెండు మళ్ళలోనూ కలుపు తీసి ఉండేది. ఎవరు తీశారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

భాద్రపదంలో నాట్లు. అత్త రకం ఎకరన్నరకు సరిపోయింది. మిగతా చేను మా ఆయన విడిగా మడి కట్టి పోసిన పాకెట్ల నారుతో నింపాం, ఆయన మొహం కూడా వెలిగింది. కడిగిన గింజల నారు కాలవ గట్టు వైపు నాలుగు సాళ్ళు వచ్చింది. సాలు మొదట్లో కర్ర పాతి గుర్తు పెట్టాను. దేవుడి దయవల్ల ఆ యేడు బొబ్బర పెద్దగా రాలేదు.

పుష్యమాసం. ఇంకో వారంలో మొదటి కోత. చేను చివరిదాకా ఎర్రగా దిగింది. పొద్దున నేను చల్ల చిలుకుతుంటే అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ చీర ఉంచావా?"

"ఏ చీర?"

"చిల్లులది."

పెట్టె అడుగునుంచి తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని ఒళ్ళో పరుచుకుని, చిల్లులు లేని చోట చూసి, పళ్ళతో కొస కొరికి సర్రున చింపింది. జానెడు వెడల్పు గుడ్డ తీసి, మళ్ళీ దాన్ని సన్నగా చీల్చింది. నీలం గళ్ళ పీలికల కుప్ప అయింది. కుప్పను రెండు చేసి ఒకటి నా వైపు తోసింది.

"పద," అంది.

చేలో ఆమె ఒక సాలు, నేను పక్క సాలు. ఎలా ఎంచాలో అప్పుడూ చెప్పలేదు. కానీ నేను ఆమెను మూడేళ్ళుగా చూస్తున్నాను. కాయ కన్నా ముందు ఆకు చూస్తుంది. ఆకు వెనక తిప్పి చూస్తుంది. చెట్టు మొదలు పట్టుకుని ఊపుతుంది. నేనూ అలాగే చూస్తూ, ఊపుతూ, అనుమానం వస్తే వదిలేస్తూ నడిచాను. పది చెట్లకు కట్టి ఉంటాను.

కాలవ గట్టు దగ్గరి నాలుగు సాళ్ళకు వచ్చేసరికి ఒక చెట్టు దగ్గర ఆగిపోయాను. చుట్టూ ఉన్నవాటికన్నా పొట్టిది. కానీ మొదలు నా బొటనవేలంత ఉంది. ఆకు వెనక ఒక్క మచ్చ లేదు. కాయ నిండుగా, సన్నగా, అచ్చం ఆమె కాయే. యాసిడ్ తాగిన గింజ. దాని మాట నమ్మటానికి లేదని ఆమె అన్నది నాకు గుర్తుంది. అయినా నా కళ్ళు వద్దనలేదు. కట్టేశాను. కట్టి తలెత్తకుండా ముందుకు నడిచాను.

వెనక అడుగులు ఆగాయి. తిరిగి చూశాను. అత్త ఆ చెట్టు దగ్గర వంగి ఉంది. ఆకు తిప్పింది. మొదలు పట్టుకుని ఊపింది. ఒక కాయ తుంచి, కొరికి, గింజలు అరచేతిలో వేసుకుని చూసింది. తర్వాత నేను కట్టిన పీలిక ముడి విప్పింది.

యేడాది పొడుగునా తవ్విందీ కడిగిందీ నాటిందీ ఆ ఒక్క ముడితో ఊడిపోయినట్టనిపించింది. సరే, ఆమె విత్తనం, ఆమె ఇష్టం అనుకున్నాను.

ఆమె పీలికను రెండు చేతులా లాగి సాఫు చేసి, మళ్ళీ ఆ చెట్టుకే చుట్టి ఒక ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి వేసింది.

"గాలికి ఊడిపోద్ది," అంది. "రెండు ముళ్ళు వెయ్యి."

అని తన సాల్లోకి వెళ్ళిపోయింది. నేను వెనక్కి నడిచి, అప్పటిదాకా కట్టిన చెట్లన్నింటికీ రెండో ముడి వేసుకుంటూ వచ్చాను.